కుండలో ఎర్ర గోలీ

మా తమ్ముడి కూతురు తాండూరు అవతల ఒక ఫ్యాక్టరీలో హెచ్.ఆర్. ఉద్యోగం చేస్తోంది. ఆదివారాలు వికారాబాద్‌లో మా ఇంటికి వచ్చి, వాళ్ల పెద్దమ్మ చేతి టీ తాగి, వారమంతా ఆఫీసులో దిగమింగుకున్న మాటలన్నీ మా ముందు కక్కేసి, సాయంత్రం రైలుకు తిరిగి వెళ్లిపోతుంది. మొన్న వచ్చినప్పుడు మాత్రం టీ సగంలోనే పక్కన పెట్టేసి, గేటు దగ్గర తనిఖీలకు కొత్త పద్ధతి రాయమని పై వాళ్లు తన నెత్తిన పడేశారని, అది సెక్యూరిటీ వాళ్ల పని కదా అంటే మనుషుల సంగతి మీదే కదా అంటున్నారని చెప్పుకొచ్చి, "మీ కాలంల ఎట్ల చేస్తుండె పెద్దనాయినా?" అని అడిగింది. ఆ పిల్ల ముఖంలోని అలసట నాకు బాగా తెలిసినదే. అప్పటికేదో చెప్పి పంపించాను గానీ, ఆమె వెళ్లాక వరండాలో కూర్చుంటే మా పాత గేటు, గేటు పక్కన స్టూలు మీద పెట్టిన ఒక మట్టికుండ గుర్తుకొచ్చాయి.

అప్పట్లో మా విభాగాన్ని హెచ్.ఆర్. అనేవారు కాదు, పర్సనల్ డిపార్ట్‌మెంట్ అనేవారు. పేరుకు పెద్ద డిపార్ట్‌మెంటే గానీ ఉన్నది నేనూ, ఒక టైపిస్టూ, తిరిగీ తిరగని ఒక ఫ్యానూ. సిమెంటు ఫ్యాక్టరీ కావడం వల్ల మా బల్లల మీద, మా కనుబొమ్మల మీద, మధ్యాహ్నం విప్పిన పెరుగన్నం మీద కూడా బూడిదరంగు దుమ్ము పడుతుండేది. క్యాంటీన్ పప్పులో నీళ్లెక్కువయ్యాయన్న ఫిర్యాదు దగ్గర్నుంచి ఇద్దరన్నదమ్ములు షెడ్డులో కొట్టుకున్న తగాదా దాకా అన్నీ నా దగ్గరికే వచ్చేవి. యాజమాన్యం నన్ను కూలీల మనిషనీ, కూలీలు నన్ను యాజమాన్యం మనిషనీ అనుకునేవారు. అలాంటి ఉద్యోగం చేసినవారు మీలో ఎవరైనా ఉంటే, సాయంత్రం ఇంటికి చేరేసరికి మాట్లాడే ఓపిక కూడా ఎందుకు మిగలదో వేరే చెప్పక్కర్లేదు.

ఆ రోజుల్లో ఫ్యాక్టరీలో రాగితీగ పోవడం మొదలైంది. గేటు దగ్గర గార్డులు తమకు తోచినవాళ్లను ఆపి వెతికేవారు. తోచడమంటే ఏముంది, చీర మాసి ఉన్నవాళ్లు, తిరిగి మాట్లాడలేనివాళ్లు, గార్డుతో ఎప్పుడో మాటా మాటా అనుకున్నవాళ్లు. ప్యాంటూ చొక్కా వేసుకుని స్కూటరు మీద వెళ్లేవాణ్ని ఆపినట్టు నేనెన్నడూ చూడలేదు. ఈ గొడవలు పడలేక మా సెక్యూరిటీ ఆఫీసరు, మిలటరీలో పనిచేసి వచ్చిన పెద్దమనిషి, అందరూ సుబేదార్ సాబ్ అనేవారు, తాను వేరేచోట చూసిన పద్ధతి ఒకటి తెచ్చాడు. మూతి ఇరుకుగా ఉన్న కుండలో తెల్ల గోలీలు నిండా పోసి వాటిలో కొన్ని ఎర్రవి కలపడం, షిఫ్టు దిగినవాళ్లు ఒక్కొక్కరే చూడకుండా చెయ్యిపెట్టి ఒక గోలీ తీయడం. తెల్లది వస్తే ఇంటికి, ఎర్రది వస్తే పక్క గదిలోకి. ఆడవాళ్లను వెతకడానికి కోట్‌పల్లి నుంచి ఒకామెను పెట్టుకున్నాం. ఎవరినీ వేలెత్తి చూపడం ఉండదు గనక నాకూ అది న్యాయంగానే తోచింది, నోటీసు నేనే రాసి అంటించాను.

కానీ మావాళ్లు కుండను కుండలా చూస్తారా? వారం తిరగకముందే ఎవరో దానికి కుంకుమబొట్టు పెట్టారు. కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, కళ్లకద్దుకుని మరీ గోలీ తీసేవాళ్లు తయారయ్యారు. ప్యాకింగ్‌లో పనిచేసే ఒకాయన ఇంటినుంచి నిమ్మకాయ జేబులో వేసుకొస్తున్నాడని తెలిసి సుబేదార్ సాబ్ తల పట్టుకున్నాడు. నేనూ నవ్వాను. అయితే ఆ భక్తిలో ఒక చెడు కూడా దాగి ఉందని అప్పుడు తట్టలేదు. కుండ నిజం చెబుతుందని నమ్మాక, ఎర్ర గోలీ వచ్చినవాళ్లలో ఏదో తప్పు ఉండే ఉంటుందని నమ్మడానికి ఎంతసేపు!

ఆ నమ్మకం వెళ్లివెళ్లి మా వదిన మీద పడింది. వదిన అంటే నాకు చుట్టం కాదు. ఆమె భర్త మా ప్యాకింగ్‌లో బస్తాలు మోసేవాడు, అందరికీ అన్న. బస్తాలు మోసిమోసి అతని నడుము పడిపోయాక ఆమె పెద్దేముల్ నుంచి వచ్చి షెడ్డులు ఊడ్చే పనిలో చేరింది, అందరికీ వదిన అయింది. ఇల్లంతా ఆమె జీతం మీదే నడిచేది. ఏం కర్మమో గానీ ఎర్ర గోలీ ఆమె చేతికే వచ్చేది. ఒకసారి వచ్చింది, మళ్లీ వచ్చింది, మధ్యలో ఒకటి రెండు తెల్లవి వచ్చి మళ్లీ ఎర్రదే వచ్చింది. గదిలో ఆమె దగ్గర జొన్నరొట్టె కట్టుకొచ్చిన గుడ్డా, ఖాళీ టిఫినూ తప్ప ఏనాడూ ఏదీ దొరకలేదు. అయినా పెద్దేముల్ పోయే షేర్ ఆటోలో ఆమె పక్కన కూర్చునేవాళ్లు సర్దుకుని జరగడం మొదలుపెట్టారు. వాళ్ల ఊరి చర్చిలో ఆదివారం ప్రార్థనప్పుడు కూడా ఆమె కూర్చున్న చాపమీద మరొకరు కూర్చోవడం లేదని తర్వాత విన్నాను. కొన్నాళ్లకు ఆమె పనికి రావడం మానేసింది.

చెప్పకుండా మానేసినవాళ్ల పేరు గడువు దాటితే రిజిస్టరులోంచి కొట్టేయాలని రూలు. కొట్టేయవలసింది నేను. సుబేదార్ సాబ్ దగ్గరికి వెళ్లి, ఆమె ఒక్కదానికి గోలీ తీయడం తప్పిద్దామన్నాను. ఆయన చెడ్డవాడు కాదు. కాస్త ఆలోచించి, అలా చేస్తే దొంగతనం పట్టుకుని దయతలిచి వదిలేశామంటారని చెప్పాడు. నిజమే. కుండే తీసేద్దామంటే మళ్లీ గార్డుల చూపు మాసిన చీరల మీద పడుతుంది. ఎటు తిరిగినా దారి మూసుకుపోయి, ఆ రోజు నా కుర్చీ మీద నాకే విసుగు పుట్టింది.

చివరికి పెద్దేముల్ వెళ్లాను. అన్న మంచం మీద నుంచే లేవబోయి దండం పెట్టాడు. వదిన నీళ్లిచ్చి, గోడకు ఆనుకుని నిలబడింది. నేను రూలు చెప్పాను, గడువు చెప్పాను, కుండలో ఏ మహిమా లేదని నాకు తెలిసిన మాటలన్నీ చెప్పాను. అంతా విని ఆమె, "ఏమన్న దొరికి దొంగనైతె గది ఒక తీరు సారూ. ఏం దొరకకనే దొంగనైన. ఇగ ఏ మొకం పెట్టుకొని రావాలె?" అంది. ఏడవలేదు, కోపగించుకోలేదు. ఖాళీ గ్లాసు కింద పెట్టి బయటికి వచ్చాను.

తిరుగు ఆటో కోసం నిలబడి ఉంటే, షిఫ్టు దిగిన మా ఆడవాళ్ల ఆటో వచ్చి ఆగింది. వాళ్లలో అందరికన్నా పెద్దామె, పెద్దవ్వ అనేవాళ్లం, నన్ను ఆ ఊళ్లో చూసి ఆశ్చర్యపోయి ఎందుకొచ్చావని అడిగింది. నాకు ఏదీ దాచే ఓపిక లేకపోయింది. వచ్చే వారం మీ వదిన పేరు కొట్టేస్తున్నాననీ, ఆ ఇంట్లో మరి జీతం తెచ్చేవాళ్లు లేరనీ, ఆమెను పని మాన్పించింది గోలీ కాదు, ఆటోలో మీరు జరిగి కూర్చోవడమేననీ అనేశాను. అధికారిగా అనవలసిన మాట కాదది. పెద్దవ్వ కొంగు సర్దుకుని ఊళ్లోకి నడిచిపోయింది. మిగతావాళ్లూ ఆమె వెనకే వెళ్లారు.

ఆ తర్వాత వాళ్లు వదిన ఇంటికి వెళ్లారో, ఏం మాట్లాడుకున్నారో నాకెవరూ చెప్పలేదు. గడువు ముగియబోతుండగా ఒక ఉదయం వదిన పనిలోకి వచ్చింది. ఆ సాయంత్రం షిఫ్టు దిగేవేళకు నేను ఉండబట్టలేక గేటు దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. పెద్దేముల్ ఆడవాళ్లు వరసగా వస్తున్నారు, వరస మధ్యలో తలవంచుకుని వదిన. ముందున్న పెద్దవ్వ కుండ దాకా వచ్చి, అందులో చెయ్యి పెట్టకుండానే నేరుగా తనిఖీ గదివైపు తిరిగింది. గోలీ తియ్యాలె అవ్వా అని గార్డు అడ్డం వచ్చాడు.

"నాకు ఎర్రదే వొచ్చిందనుకో బిడ్డా. జరుగు," అని లోపలికి పోయింది.

ఆమె వెనక రెండో ఆమె, మూడో ఆమె, అలా ఒక్కరూ కుండ ముట్టకుండా గదిలోకి పోతూనే ఉన్నారు. వదిన వంతు వచ్చింది, ఆమె కూడా వెళ్లింది, ఆమె తర్వాతివాళ్లూ వెళ్లారు. ఆ వరసలో ఎవరు దొంగో, ఎవరు దొరో చెప్పడానికి ఎవరికీ వీల్లేకుండా పోయింది. బయట ఆటోవాళ్లు ఆలస్యమవుతోందని హారన్లు కొడుతున్నారు. సుబేదార్ సాబ్ నావైపు చూశాడు. పోనివ్వండి సాబ్ అన్నాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకు కళ్లు తడిసిన సందర్భం అదొక్కటే, దుమ్ము పడిందని తుడుచుకున్నాను.

మర్నాడూ అంతే, ఆ తర్వాతా అంతే. మగవాళ్లు గోలీలు తీస్తూనే ఉన్నారు గానీ, నేనున్నన్నాళ్లూ ఆడవాళ్లు మళ్లీ ఆ కుండలో చెయ్యి పెట్టలేదు. కోట్‌పల్లి ఆమె రోజూ అందరినీ వెతికి వెతికి చేతులు నొప్పులని సణిగేది. రాగితీగ ఎవరు పట్టుకుపోయారో చివరిదాకా తేలలేదు. వదిన మాత్రం వయసు నిండేదాకా పనిచేసి, ఆటోలో అందరి మధ్యా ఇరుక్కుని కూర్చునే ఇంటికి పోయింది.

ఇదంతా మా పిల్లకు చెబుదామని నిన్న ఫోను చేశాను. మొత్తం విని, కథ బాగుంది పెద్దనాయినా అంది. ఇప్పుడు వాళ్ల ఫ్యాక్టరీలో కుండలేవీ లేవట, మనిషి నడిచిపోతుంటే మెషీనే ఎవరో ఒకరికి ఎర్రలైటు వెలిగిస్తుందట. పనివాళ్లు ఎక్కడెక్కడి రాష్ట్రాల నుంచో కాంట్రాక్టరు వెంట వస్తారు, కొన్ని నెలలుండి పోతారు, ఎర్రలైటు వెలిగినందుకు ఎవరూ ఎవరినీ చులకనగా చూడరట. విని సంతోషించాను. వదినకు ఆ అదృష్టం లేకపోయింది కదా అనుకున్నాను. మరి ఒకరికి లైటు వెలిగినప్పుడు వెనకున్నవాళ్లు ఏం చేస్తారని అడిగాను.

"ఏం చేస్తరు పెద్దనాయినా, పక్క లైన్ల నుంచి ఎల్లిపోతరు," అంది.

వాళ్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. బతుకుతెరువు కోసం అంత దూరం నుంచి వచ్చినవాళ్లు ఎవరి కోసం ఆగుతారు? ఆ రోజుల్లో వదినను అవమానించినవాళ్లూ, ఆమె వెంట గదిలోకి నడిచినవాళ్లూ వేరువేరు మనుషులు కారు, ఒకే ఆటోలోవాళ్లు. ఇప్పుడు ఆ అవమానమూ లేదు, ఆ మనుషులూ లేరు. ఇందులో ఏది కాగితం మీద రాసుకొమ్మని ఆ పిల్లకు చెప్పాలో తెలియక, ఆరోగ్యం జాగ్రత్త బిడ్డా అని ఫోను పెట్టేశాను.