గాలిపెట్టెలో గొంతు

వానలు మొదలైన కొత్తలో నా కొడుకు కారెక్కి ఏసీ మీట నొక్కగానే, చల్లగాలి కంటే ముందు ఒక వాసన వస్తుంది. తడిసిన గోనెపట్టా, పాత రబ్బరు, ఎక్కడో సందులో ఇరుక్కుని కుళ్లిన ఆకు, అన్నీ కలిసిన వాసన. "ఫిల్టర్ మార్చాలె అవ్వా, ఫ్యాన్‌ల దుమ్ము పట్టింది" అంటాడు వాడు. నేను నా పక్కనున్న అద్దం నాలుగు వేళ్లంత దించుకుంటాను. ఎండాకాలమైనా, చలికాలమైనా, అద్దాలన్నీ మూసిన కారులో నేను కూర్చోను. అది ముసలితనపు చాదస్తమని ఇంట్లో అందరూ అనుకుంటారు.

మాది ఖానాపూర్. ఇప్పటివాళ్లకు చెబితే నమ్మరు గానీ, మా చిన్నప్పటి ఆదిలాబాద్ చలి మనిషిని పట్టుకుని వంచేసేది. కార్తీకం దాటిందంటే చాలు, కడెం వైపు అడవుల మీదుగా దిగిన మంచు పొద్దెక్కినా ఊరిని వదిలేది కాదు. వాకిట్లో బిందె ముట్టుకుంటే వేళ్లు చురుక్కుమనేవి. చెరువు గట్టున బర్రెల వీపుల మీంచి ఆవిర్లు లేస్తుంటే అవి లోపల్లోపల ఉడుకుతున్నాయేమో అనిపించేది. అవ్వ, అంటే మా అమ్మ, పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టెలు తడుతుంటే మేమంతా ఆ మంట చుట్టూ చేరి, ఉప్పు వేసి ఉడికించిన అనపకాయలు ఒలుచుకుంటూ, గడ్డిలో మాగేసిన సీతాఫలాల్లో ఏది మెత్తబడిందో వేలితో ఒత్తి చూసుకుంటూ, బడి గంట వినబడేదాకా కదిలేవాళ్లం కాదు. కచ్చకాయలు ఎగరేస్తే కొంకర్లు పోయిన చేతుల్లోంచి జారిపోయేవి. ఆ చలిలోనే మా బాపు కారుకు ఊళ్లో అంత పేరొచ్చింది.

బాపు మొదట ఒక కలప గుత్తేదారు దగ్గర డ్రైవరు. ఆ పెద్దమనిషి వ్యాపారం ఎత్తేసి నాగపూర్ వెళ్లిపోతూ తన పాత కారును బాపుకు ఇచ్చిపోయాడు. నల్లటి సీమకారు, మూతి గుండ్రంగా, తలుపు మూస్తే భోషాణం మూసినంత చప్పుడు. చలిదేశంలో తయారైంది కాబట్టి దానిలో మరెక్కడా లేని వింత ఒకటుండేది. ముందు సీటులో కూర్చున్నవాళ్ల కాళ్లకు ఎదురుగా ఒక ఇనుప పెట్టె. ఇంజను దగ్గర కాగిన నీళ్లు ఒక గొట్టం గుండా ఆ పెట్టెలోకి వచ్చేవి. దాని వెనక చిన్న ఫ్యాను బయటి గాలిని ఒక రబ్బరు గొట్టంలోంచి లాగి, ఆ వేడి మీదుగా మన కాళ్ల మీదికి ఊదేది. మేము దాన్ని గాలిపెట్టె అనేవాళ్లం. బాపు ఆ కారును కిరాయికి తిప్పేవాడు. నిర్మల్ దవాఖానకు పోవలసిన రోగులు, పురిటి కేసులు, కొత్త పెళ్లికూతుళ్లు, అందరూ ఆ వెచ్చదనంలో ప్రయాణం చేసి వచ్చి పదిమందికి చెప్పుకునేవారు.

ఆడవాళ్లను దవాఖానకు తీసుకుపోయేటప్పుడు తోడుగా మా మేనత్త వెళ్లేది. ఆమె పేరు రాజవ్వ, బాపుకు అక్క. భర్త పోయాక కొడుకును తీసుకుని మా ఇంటికే వచ్చేసింది. ఆ కొడుకు సాయిలు. ఐదేళ్ల పిల్లవాడు, నేను పుట్టకముందే అమ్మోరు పోసి పోయాడు. అత్త వాడి పేరెత్తేది కాదు, ఏడ్చేదీ కాదు. రొట్టెలు కాల్చేటప్పుడు మొదటిది మాత్రం తీసి, చిన్న మూకుడు బోర్లించి పొయ్యి గట్టున పెట్టేది. సాయంత్రం దాన్ని గొడ్లకు వేసేది. ఎవరూ ఎందుకని అడిగేవారు కాదు.

ఒక చలికాలం గాలిపెట్టె మొరాయించింది. మీట తిప్పితే ఉలుకూ పలుకూ లేదు. కారు ఏ గుంతలోనో పడ్డప్పుడు మాత్రం దానంతటదే గుర్రుమని లేచి, పసిపిల్ల ముక్కుతూ మూలుగుతున్నట్టు కాసేపు తిరిగి మళ్లీ ఆగిపోయేది. బాపు పట్టువిడవని మనిషి. ముందు ఫ్యూజు తీసి చూశాడు, బాగానే ఉంది. బ్యాటరీ నుంచి నేరుగా ఫ్యానుకు తీగ కలిపాడు, తిరిగింది గానీ నీరసంగా తిరిగింది. ఇంకో తీగ కారు ఒంటికి బిగించిన చోట తుప్పు పట్టి ఉంటే గరుకు కాగితంతో రుద్ది మళ్లీ బిగించాడు. అప్పటికీ నీరసం పోలేదు. చివరికి మోటారు విప్పితే, లోపల కరెంటు అందించే బొగ్గుముక్కలు రెండూ అరిగిపోయి కనిపించాయి. అలాంటివి దొరకాలంటే హైదరాబాదు పోవాలి. బాపు పాడైపోయిన టార్చిలైటు సెల్లు పగలగొట్టి, దాని నడుమ ఉండే బొగ్గుకడ్డీని ఆకురాయితో అరగదీసి ఆ ముక్కలే తయారుచేసి పెట్టాడు. ఇక ఆ ఫ్యాను తిరిగిన తిరుగుడు చెప్పనలవి కాదు. ముందు సీట్లో చీర కుచ్చిళ్లు ఎగిరిపడేవి.

అత్తకు కొడుకు మాటలు వినబడటం అప్పుడే మొదలైంది.

ఒకరోజు నిర్మల్ నుంచి వచ్చాక, గడపలోనే కూలబడి, నుదురు పట్టుకుని అవ్వతో అంది. "మరదలా, సాయిలు మాట్లాడిండు. గా పెట్టెలకెల్లి. అవ్వా సలి పెడ్తున్నది, అద్దం ఎయ్యుమన్నడు."

అవ్వ చేతిలో చేట అలాగే ఉండిపోయింది. "నిద్రల ఇన్నవేమో వదినా" అంది మెల్లగా.

"నిద్ర గాదు. మెలకువతోనే ఇన్న."

ఆ తరువాత అత్త పిలవకపోయినా ప్రతి ప్రయాణానికీ తయారయ్యేది. ముందు సీటులో కూర్చుని, అద్దం పైదాకా బిగించి, తల ఆ పెట్టె వైపు వంచి వెళ్లేది. తిరిగి వచ్చేసరికి తలనొప్పితో కళ్లు తెరవలేకపోయేది గానీ, ముఖంలో మాత్రం నేను అంతకుముందెన్నడూ చూడని ఒక వెలుగు ఉండేది. ఆ వెలుగు చూస్తే నాకు భయమేసేది. ఆమె పక్కన పడుకోవడం మానేశాను.

పుష్యమాసంలో ఒక తెల్లవారుజామున కడెం దిక్కు పల్లె నుంచి నిండు చూలాలిని, ఆమె అత్తగారిని ఎక్కించుకుని బాపు నిర్మల్ బయలుదేరాడు. పక్కన మా అత్త. మంచు దట్టంగా ఉంది, అద్దాలన్నీ మూసి గాలిపెట్టె పెట్టారు. కొంతదూరం పోయాక వెనకనున్న ముసలామె మాట్లాడటం మానేసి ఒరిగిపోయిందట. బాపుకు తల బరువెక్కింది. సరిగ్గా అప్పుడు, మంచులో, రోడ్డు నడుమ, ఒక చిన్న పిల్లవాడు ఒంటి మీద గుడ్డలేకుండా నిలబడి కనిపించాడు. బాపు ఒక్కసారిగా పక్కకు తిప్పాడు. కారు గుంతలోకి ఒరిగింది, తలుపు ఊడినంత పనై తెరుచుకుంది. చల్లగాలి తగిలాక ఒక్కొక్కరికీ తెలివి వచ్చింది. రోడ్డు మీద పిల్లవాడూ లేడు, ఎవరూ లేరు. వెనక వస్తున్న ఎడ్లబండి వాళ్లు చూలాలిని నిర్మల్ చేర్చారు. తల్లీ బిడ్డా దక్కారు. మా కారు పేరు మాత్రం పోయింది. దయ్యం కారన్నారు. సంక్రాంతి దాటినా ఒక్కరు కిరాయికి పిలవలేదు. బాపు పొద్దస్తమానం దాన్ని తుడుస్తూ కూర్చునేవాడు. రోడ్డు మీద తాను ఏం చూశాడో అవ్వకు ఒక్కసారి చెప్పి, మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

అవ్వ పోరు పడలేక దర్గా నుంచి ఒక ఫకీరు తాతను పిలిపించారు. నెమలీకల కట్ట, మట్టి ధూపదానిలో నిప్పులు, వాటి మీద లోబాన్ సాంబ్రాణి. తెల్లటి పొగ వాకిలంతా అల్లుకుంది. తాత కారు చుట్టూ తిరిగి, బానెట్ ఎత్తమన్నాడు.

"గా పెట్టెను గూడ తిప్పు బేటా. దాని ఆవాజ్ జర ఇంట."

బాపు ఇంజను జోలికి పోకుండా ఫ్యాను మీట ఒక్కటే తిప్పాడు. తాత ధూపదానిని బానెట్ కింద ఇంజను పక్కన పట్టుకున్నాడు. నేను కారు కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను. ఇంజను మీద తేలుతున్న పొగ ఒక్కసారిగా సన్నటి పాయలా మారి, ఎవరో లోపల నుంచి పీలుస్తున్నట్టు ఒక మూలకు పోయి మాయమైంది. మరుక్షణం కారు లోపల, అత్త కూర్చునే చోట, అది పైకి లేచింది. మెల్లగా, నిలువుగా, ఒక చిన్న పిల్లవాడి ఎత్తున.

నేను కెవ్వున అరిచాను. "నిక్లా! ఎల్లిండు!" అని తాత నెమలీకలు ఝాడించాడు. బాపు మాత్రం పొగ మాయమైన మూల వైపు చూస్తూ బానెట్‌లోకి తల దూర్చాడు. గాలి తెచ్చే రబ్బరు గొట్టం అడుగున వేలెడు పొడుగున చీలిపోయి ఉంది. సరిగ్గా దాని కిందే ఇంజను పొగగొట్టం అతుకు వదులై, చుట్టూ మసి పేరుకుని ఉంది. ఇంజను కాల్చిన పొగ బయటికి పోకుండా ఆ చీలికలోంచి ఫ్యాను లాక్కుని లోపల కూర్చున్నవాళ్ల మీదికి ఊదుతోంది.

అవ్వ గొట్టం వంక చూసి ఒళ్లు జలదరించుకుంది. "కుంపటి పెట్టుకొని తలుపులు మూసుకుంటె మనిషి లేవడు. గిది గదే గదయ్యా!"

బాపు తలూపాడు. బొగ్గుముక్కలు మార్చి ఫ్యానుకు బలం పెంచింది తనే. దానికి బలం వచ్చినకొద్దీ పొగ ఎక్కువ లాగింది. అతుకు బిగించి, గొట్టానికి సైకిలు ట్యూబు చుట్టి తీగతో కట్టి, మళ్లీ లోబాన్ పొగ పెట్టించాడు. లోపలికి పిసరంత కూడా రాలేదు. ఫకీరు తాత దయ్యాన్ని వదిలించాడని ఊరంతా చెప్పుకుంది. కిరాయిలు మళ్లీ మొదలయ్యాయి.

అత్త రెండు మూడుసార్లు కారులో వెళ్లి వచ్చింది. తలనొప్పి లేదు. ముఖంలో వెలుగూ లేదు. ఒక పొద్దున బాపు చాయ్ తాగుతుంటే ఎదురుగా వచ్చి నిలబడింది.

"మోటర్ మంచిగైంది తమ్మీ. మరి నా కొడుకేడి?"

బాపు గిన్నె కింద పెట్టాడు. "అక్కా, అది పొగ. మనిషి తలకెక్కితె ఏదేదో ఇనవడ్తది."

"నువ్వు గూడ సూసినవ్ గద."

బాపు చాయ్ అక్కడే వదిలి, తుడిచే గుడ్డ తీసుకుని కారు దగ్గరికి పోయాడు.

తరువాత కొద్దిరోజులకు, ఒక ఉదయం బాపు కారు పెట్టే పాకలో ఇంజను వేడెక్కడానికి స్టార్టు చేసి, కిరాయివాళ్ల మూటలు తేవడానికి వెళ్లాడు. అత్తను రొట్టెకు పిలుచుకురమ్మని అవ్వ నన్ను పంపింది. ఇంట్లో, వెనక దొడ్లో ఎక్కడా కనిపించలేదు. పాక తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసి చూస్తే, పాకంతా ఇంజను పొగ, కారు ముందు నేల మీద సైకిలు ట్యూబు ముక్కలు, వాటి పక్కన కూరగాయల కత్తి. లోపల అద్దాలన్నీ మూసుకుని అత్త కూర్చుని ఉంది. గాలిపెట్టె హోరున తిరుగుతోంది.

నేను రెండు చేతులతో తలుపు లాగాను. ఆమె బుగ్గలు కుంకుమ రాసినట్టు ఎర్రగా ఉన్నాయి. తల ఎత్తకుండానే చేయి అడ్డం పెట్టింది. "తలుపెయ్యి బిడ్డా. వానికి సలి పెడ్తున్నది."

అప్పుడు విన్నాను. పెట్టె హోరు లోపల్నుంచి, గొంతు కొంచెం బొంగురుగా, అప్పుడే నిద్రలేచిన పిల్లవాడి మాట.

"అవ్వా, గిదెవలు?"

అత్త ఆ పెట్టె వైపు చూసి నవ్వింది. "నీ మామ బిడ్డరా" అంది.

అరిచానో లేదో కూడా తెలియదు. బాపు ఎక్కడినుంచి వచ్చాడో, నన్ను పక్కకు నెట్టి, ఇంజను ఆపి, అత్తను చంకల కింద పట్టుకుని వాకిట్లోకి లాగాడు. ఆమె వాంతి చేసుకుంది, చాలాసేపు ఊపిరి ఎగబీల్చింది, బతికింది. ఆ మధ్యాహ్నమే బాపు రంపపు బ్లేడు తెచ్చి, గొట్టాలు, తీగలు కోసి, గాలిపెట్టెను కారులోంచి ఊడబెరికాడు. గోనెసంచిలో కట్టి తీసుకుపోయి కడెం వాగులో లోతు చూసి వేశాడు. అక్కడినుంచి మా కారులో చలికాలం ప్రయాణమంటే గొంగళ్లు కప్పుకోవడమే.

పాకలో పట్టిన పొగ నాకూ ఎక్కి ఉంటుందని పెద్దయ్యాక అనుకున్నాను. ఆ రోజు సాయంత్రం దాకా నాకూ తలనొప్పి ఉంది, అది నిజం. అయినా, సరిగ్గా ఆ మాటే ఎందుకు వినబడాలి? నన్నెప్పుడూ చూడనివాడు కదా అడగాల్సిన మాట అది!

అత్త చాలా ఏళ్లు బతికింది. నా పెళ్లయి, మొదటి కాన్పుకు పుట్టింటికి వెళ్లినప్పుడు, నా తలకు నూనె రాస్తుంటే, ఆనాడు నేను విన్నది మొదటిసారి ఆమెకు చెప్పాను. నూనె చేయి ఆగిపోయింది.

"నీకు గూడ ఇనవడ్డదా?"

"ఇన్న అత్తమ్మా."

ఆమె నా తల తన ఒడిలోకి లాక్కుని ఏడ్చింది. కొడుకు పోయినప్పుడు రాని ఏడుపంతా అప్పుడు వచ్చింది. అవ్వ వంటింట్లోంచి వచ్చి చూసి, మళ్లీ లోపలికి వెళ్లిపోయింది.

మొన్న ఖానాపూర్ వెళ్లాను. పాక ఉన్నచోట సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. పుష్యమాసంలో కూడా జనం చొక్కా చేతులు మడుచుకుని తిరుగుతున్నారు. అడవి వెనక్కి జరిగిపోయింది, మంచు ఊరిదాకా రావడం లేదట. కారును ఎవరో పాత ఇనుము కింద తూచి పట్టుకుపోయారు. బాపు లేడు, అవ్వ లేదు, అత్త లేదు. సాయిలుకు ఫొటో లేదు. ఆ రోజుల్లో ఐదేళ్ల పిల్లవాడికి ఫొటో ఎవరు తీయించారు? వాడు నల్లగా ఉండేవాడో, ఎర్రగా ఉండేవాడో చెప్పగలిగినవాళ్లు ఈ భూమ్మీద ఒక్కరు కూడా మిగలలేదు. వాడి గొంతు కొంచెం బొంగురుగా ఉంటుందని తెలిసినదాన్ని మాత్రం నేనొక్కదాన్నే ఉన్నాను.