మేడం తెరిచిన పాత ఫైలు

మొన్న మంగళవారం పొద్దున్నే బాపట్ల నుంచి ఫోను. నాకు డీటీపీ నేర్పిన మేడం నిద్రలోనే పోయారట. అప్పటికి నేను తెనాలిలో మా షాపు తెరిచి, ఓ మొండి ఫైలుతో కుస్తీ పడుతున్నాను. మేడంనే అడగాలి అనుకుంటూ ఫోనెత్తాను.

ఇలాంటప్పుడు మంచి మాటలే రాయాలంటారు. నాకు మాత్రం ముందు ఆవిడ మొండితనమే గుర్తొస్తోంది. ఇరవై ఏళ్లుగా ఒకటే తెలుగు సాఫ్ట్‌వేర్. ఏ కంప్యూటర్‌లోనైనా తెరుచుకునే యూనికోడ్‌కి మారండి మేడం అని ఎన్నిసార్లు మొత్తుకున్నానో! "నా వేళ్లకి ఆ మీటలే తెలుసమ్మాయ్" అనేవారు. ప్రూఫులో ఒక్క తప్పు దొరికినా పేజీ అంతా మళ్లీ చదివించేవారు. "నోటి తప్పు గాలికి పోతుంది, అచ్చుతప్పు ఉండిపోతుంది" అనేది ఆవిడ మాట.

నిరుడు ఆవిడ పాత కంప్యూటర్ కాలిపోయింది. రేపల్లెలో ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పిన ఓ బైబిల్ ఉమన్ సొంతంగా కట్టిన పాటలు, మేడం ఎప్పుడో టైపు చేసి పెట్టినవి, అందులో ఉన్నాయి. చేతిరాత పుస్తకాలను చెదలు తినేశాయి. మిగిలింది ఆ ఫైలొక్కటే. "చూపు ఉండగానే నా పుస్తకం చూపించండమ్మా" అని ఆ పెద్దావిడ అడిగిందట. కాలకుండా మిగిలిన హార్డ్ డిస్కును టిఫిన్ సంచిలో పెట్టుకుని, మేడం రైలెక్కి నా దగ్గరికొచ్చారు.

నా కొత్త కంప్యూటర్ ఆ సాఫ్ట్‌వేర్‌ను దగ్గరికే రానివ్వలేదు. ఫైలును వేరే దాంట్లో తెరిస్తే పాటలకు బదులు పిచ్చి గీతలు. ఆ సాఫ్ట్‌వేర్ తయారు చేసినవాళ్లు దుకాణం మూసేసి ఏళ్లయింది.

"నేను చెప్తే విన్నారా?" అని అరిచాను.

"తిట్టుకో. తిడుతూనే పని చెయ్" అన్నారు.

కొత్త సిస్టమ్ లోపలే పాత సిస్టమ్‌ను ఉత్తుత్తి కంప్యూటర్‌లా నడిపించే పద్ధతి ఉంది. దాన్ని కుదర్చడానికి మూడు రోజులు పట్టింది. మూడో రోజు పాటలన్నీ తెర మీదికొచ్చాయి. ఇద్దరం టీకి వెళ్లొచ్చేసరికి, అప్‌డేట్ అంటూ కంప్యూటర్ దానంతటదే ఆగి మళ్లీ మొదలైంది. లోపలి పాత సిస్టమ్ ఇక లేవలేదు. నాకు ఏడుపొచ్చింది. మేడం నీళ్ల సీసా నా ముందుకు తోసి, "ముందే కాపీ తీసుకోకపోవడం మన తప్పు" అన్నారు. నాతో పాటు తనను కూడా కలుపుకున్నారు.

ఆ అప్‌డేట్ తీసేసి, నెట్ తీగ పీకేసి, మర్నాడు మళ్లీ మొదటి నుంచి చేశాం. పాటలు తెరుచుకోగానే ఆవిడ నన్ను కుర్చీలోంచి కదలనివ్వలేదు. పీడీఎఫ్ చేసి, నాలుగు చోట్ల దాచాకే తనూ లేచారు. అక్షరాలు బాగా పెద్దవి చేయించి పుస్తకం వేయించారు.

బాపట్లలో మట్టి చేసే వేళ రేపల్లె పెద్దావిడ వచ్చి, ఆ పుస్తకంలోంచే పాట ఎత్తుకుంది. పేజీ అయిపోయినప్పుడల్లా ఆగి, వేలు తడుపుకుని నెమ్మదిగా తిప్పేది. పుస్తకాన్ని మళ్లీ కళ్లకు ఆనించేదాకా, అంతమందీ ఎదురుచూశారు.