తువ్వాలు కింద ఫీజు

దేవరాజులు ఫిరంగులకు ఏనాడూ భయపడలేదు కానీ, మెల్లగా మాట్లాడేవాళ్లంటే మాత్రం వణికిపోయేవాడు. వయసంతా సైన్యంలో ఫిరంగుల పక్కన నిలబడి పనిచేసిన మనిషి. ఆ మోత ఆయన చెవులను తినేసింది. సైన్యం డాక్టర్లు చెవులు కాస్త మందగించాయని రాశారు గానీ, అది ఫిరంగుల వల్ల కాదని తేల్చి, వైకల్యం పింఛను లేదు పొమ్మన్నారు. మరి పెళ్లి బాజాల వల్ల వచ్చిందేమో, వాళ్లకే తెలియాలి.

పలమనేరు తిరిగొచ్చి పశువుల సంతలో దళారీగా చేరాడు. ఆ పని ఊరికే ఎంచుకోలేదు. సంతలో బేరం నోటితో జరగదు. ఇద్దరి చేతుల మీద తువ్వాలు కప్పి, లోపల వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటారు. దూడకైతే వేలికి వెయ్యి, కాడెద్దులకైతే వేలికి పదివేలు. ఆ లెక్క సంతలో తిరిగేవాళ్లకు చెప్పకుండానే తెలుసు. ఇక చెవులతో పనేముంది? చెవిటివాడని తెలిస్తే మాత్రం ఎద్దు పలుపు ఎవరూ చేతికివ్వరు. అందుకే ఊళ్లో ఎవరికీ చెప్పలేదు, భార్య కుప్పమ్మకు కూడా చెప్పలేదు. వినపడని చోటల్లా తల ఊపేవాడు. తల ఊపేవాడితో ఎవరికీ పేచీ ఉండదు కాబట్టి ఏళ్లు అలాగే గడిచిపోయాయి.

మద్రాసులో సైనికుల ట్రిబ్యునల్ ఉందనీ, అక్కడ అప్పీలు వేస్తే ఆ పింఛను రావచ్చనీ పాత సైనిక మిత్రుడొకడు చెప్పాడు. పింఛను పని అని మాత్రం ఇంట్లో చెప్పి, దేవరాజులు తిరుపతిలో నియాజ్ అనే వకీలు దగ్గరికి బయలుదేరాడు. బస్సులో దారి పొడుగునా ఇదే లెక్క వేసుకున్నాడు. అప్పీలు వేస్తే చెవిటితనం నలుగురిలో పడుతుంది. వేయకపోతే, ఒంట్లో సత్తువ తగ్గాక సంత తిండి పెట్టదు, మామూలు సర్వీసు పింఛను చాలదు.

నియాజ్ కాగితాల మీద నుంచి తల ఎత్తకుండా మాట్లాడసాగాడు. పైన ఫ్యాను గడగడలాడుతోంది. పెదాలు కనిపిస్తే సగం మాటలైనా అందేవి. దేవరాజులు అలవాటుగా తల ఊపాడు. మళ్లీ ఊపాడు. మూడోసారి ఊపేసరికి వకీలు ఆశ్చర్యంగా తలెత్తి నవ్వాడు. సంతలో అమ్మేవాడు అలా నవ్వాడంటే కొనేవాడు మునిగినట్టే.

తాను ఏం ఒప్పుకున్నాడో దేవరాజులుకు తెలియదు. అడిగితే బండారం బయటపడుతుంది. భుజం మీది తువ్వాలు తీసి, చేతి మీద కప్పి బల్ల మీద పెట్టాడు.

“మాది సంత బేరం సార్. ఫీజు ఈడ పట్టుకుని చెప్పండి.”

నియాజ్‌కు సరదా వేసింది. చిన్నప్పుడు తాత వెంట సంతకు పోయినవాడే. తువ్వాలు కింద చేయి పెట్టి ఐదు వేళ్లూ పట్టుకున్నాడు. ఐదు వేలే కదా అని దేవరాజులుకు ప్రాణం లేచొచ్చింది. తన వంతుగా నాలుగు వేళ్లు పట్టాడు. నియాజ్ కాస్త ఆలోచించి సరేనన్నాడు. దేవరాజులు జేబులోంచి నాలుగు వేలు తీసి బల్ల మీద పెట్టాడు.

“ఇదేందన్నా?” నియాజ్ ఈసారి ఆయన ముఖంలోకి చూస్తూ అడిగాడు. “వచ్చే బాకీ పింఛనులో సగం అంటి, మీరు తల ఊపితిరి. ఇప్పుడు నాలుగు వేళ్లకు, అంటే నూటికి నలభైకి దిగినాను. ఇట్లాంటివి కాగితం మీద పెట్టము. సంతకం చేసిన ఖాళీ చెక్కు ఇస్తే చాలు.” ఎదురుగా ఉన్న కాగితం మీద నలభై వేసి చుట్టూ సున్నా చుట్టాడు.

తువ్వాలు తీశాక మాట తప్పినవాడి చేయి సంతలో ఇంకెవరూ పట్టుకోరు. చెక్కు ఇస్తే చెవులు పోగొట్టుకుని సంపాదించేదాంట్లో దాదాపు సగం పోతుంది. ఇవ్వనంటే ఎందుకో చెప్పాలి. దేవరాజులు పింఛను కాగితాల సంచిలోంచి చెక్కు తీశాడు, పెన్ను పట్టుకున్నాడు, మొదటి అక్షరం దగ్గర చేయి ఆగిపోయింది.

“సార్, నాకు ఇనపడదు. మీరు సగం అన్నింది నాకు ఇనపళ్లేదు.”

నియాజ్ ముఖంలో నవ్వు మాయమైంది. లేచి ఫ్యాను ఆపి, దగ్గరగా వచ్చి కూర్చుని నలభైని కొట్టేశాడు.

“ఇంత చెవుడని కాగితాల్లో లేదన్నా. మిలిటరీ నుంచి వచ్చినప్పటి నుంచీ ఇట్లే ఉండాదని చెప్పే సాక్షి కావాల. ఇంట్లో ఆమెకు తెలుసా?”

“తెలీదు సార్. ఆమెకు చెప్పొద్దండి.”

“సాక్షి లేకుంటే కేసే లేదు.”

దేవరాజులు కుప్పమ్మ నంబరు చెప్పాడు. నియాజ్ ఫోను కలిపి, స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచాడు. ఇన్నేళ్ల కాపురం ఒక్క ఫోనుతో అబద్ధమైపోతుందనే భయంతో దేవరాజులు కళ్లు మూసుకున్నాడు. నియాజ్ ఏమడిగాడో ఆయనకు అందలేదు. కుప్పమ్మ మాటలు మాత్రం ఒక్కొక్కటీ అందాయి.

“తెలుసు సార్. మిలిటరీ నుంచి వచ్చిన మొదటి వారమే తెలుసు. ఆయప్ప దాచుకుంటా ఉంటే నేనూ అడగలే. యాడికి రమ్మంటే ఆడికొచ్చి చెప్తాను. ఫీజు సంగతి మాత్రం నాతో మాట్లాడండి, ఆయప్ప దేనికైనా తల ఊపేస్తాడు.”

“కొంచెం మెల్లగా మాట్లాడమ్మా” అన్నాడు నియాజ్, ఫోనుకు దూరం జరుగుతూ.

“మా వీధంతా నన్ను గయ్యాళి అంటారు సార్. మెల్లగా మాట్లాడితే ఆయప్పకు యాడ ఇనపడతాది?”