బొమ్మకు కప్పిన శాలువా

శాలువా అంటే నాకిప్పుడు ఒళ్లు మంట. ఎవరికి కప్పినా సరే.

మా పాపకు పుట్టుకతోనే వినపడదు. మాటలన్నీ చేతులతోనే. రాజమహేంద్రవరంలో అలాంటి పిల్లల బడిలో చదువుతోంది. వార్షికోత్సవంలో బొమ్మతో కథ చెబుతానంది. సరే కదా అని మిషన్ ముందు కూర్చుని, దూది కూరి, గుండ్రటి చేతులు పెట్టి ఒక బొమ్మను కుట్టాను. పాప ఆ చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసి, “దీనికి మాటలు రావు” అని సైగ చేసింది. నా తెలివి తెల్లారినట్టే ఉంది. వేళ్లు లేకుండా ఏం మాట్లాడుతుంది? వేళ్లు కుట్టి, లోపల తీగలు పెట్టి, దారాలు లాగి చూశాను. అన్నీ కలిసి ఒకేసారి ముడుచుకున్నాయి. విసుగొచ్చి ఆ చేతులు కత్తిరించి పారేశాను. వెనక నుంచి పాప తన చేతులే దూర్చేలా బొమ్మ చొక్కా చేతులు వెడల్పు చేశాను. తల ఆడించడం నా పని, మాట్లాడటం పాప పని.

కథ కూడా దానిదే. ఆమధ్య మేం పంటు మీద గోదావరి దాటుతుంటే ఒక మేక నీళ్లలో పడింది. అందరికంటే ముందు చూసింది మా పాప. ఎంత చేతులూపినా ఒక్కరూ అటు తిరగలేదు. ఆ సంగతి ఈసారి అందరూ చూసేలా చెప్పాలని దాని పంతం.

ఆ రోజు బల్ల మీద బొమ్మ, తెర వెనక మేమిద్దరం, తెర సందులోంచి బొమ్మ చొక్కాలోకి పాప చేతులు. మేక నీళ్లలో పడేసరికి ముందు వరస పిల్లలు లేచి నిలబడ్డారు. తెర సందులోంచి చూస్తూనే ఉన్నాను. సరిగ్గా అప్పుడే, బడికి ఫ్యాన్లు ఇచ్చిన ముఖ్య అతిథి గారికి తొందరొచ్చింది.

“సార్ వెళ్లిపోవాలంటండి. పాపకు శాలువా కప్పేసి ఓ ఫోటో తీసేసుకుందాం” అన్నారు హెడ్మాస్టరు గారు.

“కథ అవనివ్వండి” అన్నాను తెర వెనక నుంచే.

“బొమ్మకే కప్పేద్దాం లెండి, సరదాగా ఉంటుంది” అన్నాడు ఆ పెద్దమనిషి.

కప్పేశాడు. మెడ నుంచి నడుం దాకా చుట్టేశాడు. సన్మానమట. తెర వెనకున్న పాపకు ఏం జరిగిందో తెలియదు. శాలువా కింద దాని వేళ్లు మేక సంగతి చెబుతూనే ఉన్నాయి. పెద్దవాళ్లంతా నవ్వుతూ చప్పట్లు కొట్టారు. రోజూ ఆ పిల్లలకు సైగలతో పాఠాలు చెప్పే మాస్టర్లు కూడా కొట్టారు.

బొమ్మను వదిలేసి బయటికొచ్చి, ఆ శాలువా లాగి కింద పడేశాను.

“పెద్దాయన ఎదురుగా ఏంటండి ఈ పని?” అన్నారు హెడ్మాస్టరు గారు.

“మీరు మాట్లాడుతుంటే నోట్లో గుడ్డ కుక్కి చప్పట్లు కొడితే మీరేం చేస్తారండి?” అన్నాను.

ఆయన ఫోటోగ్రాఫర్ వైపు చూశారు.

పిల్లలు మాత్రం మమ్మల్ని పట్టించుకోలేదు. మేక ఏమైందని చేతులూపుతూ బొమ్మనే అడుగుతున్నారు. బొమ్మ బల్ల మీద వాలిపోయి ఉంది. చొక్కా చేతులు ఖాళీ. తెర వెనక్కి వెళితే, సందులోంచి అంతా చూసేసిందేమో, పాప రెండు చేతులూ చంకల్లో దాచుకుని కూర్చుంది. ఎంత బతిమాలినా బయటికి తీయలేదు.