త్రాసు మీద నా వేలు

నా చిన్నప్పుడు మేము కోస్తా నుంచి వచ్చి పటాన్‌చెరు దగ్గర ఫ్యాక్టరీ క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. మా పెదనాన్న అక్కడే లేత్ మీద పనిచేసేవాడు. ఆయనకు లైసెన్సు రైఫిల్ ఒకటి ఉండేది. వేట మీద అప్పటికి ఇప్పటంత కట్టడి లేదు. దుకాణంలో దొరికే తూటాలు ఆయనకు నచ్చేవి కావు. పెద్ద తూటా ఇత్తడి గొట్టం తీసుకుని, దాని మెడ సన్నగా నొక్కి, చిన్న గుండు పట్టేలా తనే చేసుకునేవాడు. గురి చూసి కొట్టే సరదాకీ, చేలమీద పడే అడవిపందులకీ ఆ ఒక్క తూటా చాలనేవాడు. అలాంటిదానికి ఏ పుస్తకంలోనూ కొలత ఉండదు. నెలల తరబడి ఓపిగ్గా పరీక్షించి తేల్చుకున్నాడు.

ఆయన తూటాల్లో నింపే మందు తూచేటప్పుడు పక్కన కూర్చోనిచ్చేది నన్నొక్కదాన్నే. చేతులు ఒళ్లోంచి తీయకూడదు, అదీ షరతు. ఒక శనివారం మధ్యాహ్నం ఎవరో పిలిస్తే బయటికి వెళ్లాడు. నాకు పదేళ్లు. త్రాసు కడ్డీ మీద కొలత నిలిపే బిళ్ళను వేలితో అటూ ఇటూ జరిపాను. అడుగుల చప్పుడు వినగానే ఉన్నచోటే పెట్టాననుకున్నాను.

"ఏమైనా ముట్టుకున్నావా అమ్మా?" అన్నాడు కూర్చుంటూ.

"లేదు పెదనాన్నా."

నిజం చెబితే ఇంకెప్పుడూ పక్కన కూర్చోనివ్వడని భయం. ఆయన నా మాట నమ్మి మిగతా తూటాలు నింపాడు.

మర్నాడు పొద్దున రాళ్లక్వారీలో గురి కొట్టడానికి అట్ట కట్టారు. పక్కూరు కర్దనూర్ రైతు ఒకాయన పెదనాన్నకు స్నేహితుడు. పందులు జొన్నచేను తొక్కేస్తున్నాయని గురి నేర్చుకుంటున్నాడు. "ఇయ్యాల మొదటిది నేను గొడ్త సారూ" అని రైఫిల్ తీసుకున్నాడు. చప్పుడు ఎప్పటిలా లేదు. రైఫిల్ వెనక భాగం పగిలి ఆయన ముఖం మీదికి ఎగిసింది. కుడికన్ను పోయింది.

ఆ సాయంత్రం పెదనాన్న మిగిలిన తూటాలు విప్పి, మందు తూచి చూశాడు. ఉండాల్సినదానికంటే ఎక్కువ తూగింది. నన్ను పిలిచాడు. నేను ఏడుస్తుంటే, "లేచి వెళ్లొచ్చినవాణ్ణి, మళ్లీ చూసుకోవాల్సింది నేనే. నీ పేరు నా నోటి నుంచి రాదు" అన్నాడు. రైఫిల్ పోలీసు స్టేషన్‌లో అప్పగించేశాడు.

పెదనాన్న తాగి మందు నింపాడని ఆ రైతు ఊరంతా చెప్పాడు. పెదనాన్న కల్లు కూడా ముట్టని మనిషి. అయినా కాదనలేదు. ఆదివారం ఆదివారం కర్దనూర్ వెళ్లేవాడు. ఆ రైతు వాకిట్లోనే నిలబడి తిరిగొచ్చేవాడు. ఆరేళ్లకు పోయాడు.

దినకర్మ అయిన మర్నాడు నేనొక్కదాన్నే వెళ్లి ఆ రైతుకు అంతా చెప్పాను. తిడతాడనుకున్నాను.

"గా మనిషి నా వాకిట్లకు ఎన్నిసార్లొచ్చిండో ఎరుకేనా బిడ్డా? ఒక్కనాడన్న కూసోమనలే" అని తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆయన కన్ను తీసింది నేను. పెదనాన్న పరువు తీసిందీ నేనే. రెండోది ఏ రోజైనా నడిచి వెళ్లి ఆపగలిగేదాన్ని. ఇప్పుడు మనవరాలు ఏదైనా పాడుచేసి "నేనే నానమ్మా" అంటూ వస్తే, ఎంత కోపమున్నా ముందు పక్కన కూర్చోబెట్టుకుంటాను.