చప్పుడు చేయని క్యాబినెట్

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చిన కొత్తలో, సినిమాల కోసం టీవీకి కలిపే కంప్యూటర్ ఒకటి సొంతంగా బిగించుకుందామనుకున్నాను. దానికి చప్పుడు చేయని క్యాబినెట్, అంటే ఫ్యాన్లుండే పైడబ్బా, కావాలి. అమీర్‌పేటలో షాపుకి మా బావగారిని వెంటబెట్టుకెళ్లాను. ఆయన పంజాగుట్టలో ప్రింటింగ్ ప్రెస్సులో ఇరవయ్యేళ్లుగా పనిచేస్తున్నారు. మెషీన్ చప్పుడు ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?

షాపతను క్యాబినెట్ ఫ్యాన్లు తిప్పి, "జర చెవి పెట్టి చూడన్నా" అన్నాడు. రోడ్డు మీద బస్సుల హారన్లకి నాకేమీ తేలలేదు. బావగారు చెవి ఆనించి, "అస్సలు చప్పుడే లేదు" అన్నారు. కొనేశాను.

ఇంట్లో పెడితే ఒకటే గుయ్యిమని మోత. ఆ ఆదివారం వాళ్లింటికి భోజనానికి వెళ్లి, ఆయన పక్కనే కూర్చుని అక్కతో, "ఈయన్ని నమ్మడం నా బుద్ధితక్కువ" అన్నాను. ఇంకా చాలా అన్నాను.

అక్క నన్ను వంటింట్లోకి లాక్కెళ్లింది. "ఆ ప్రెస్సు మోతకి ఆయన చెవులు దెబ్బతిని రెండేళ్లయిందిరా. గట్టిగా చెప్తేనే వినపడుతుంది. వారం వారం వచ్చి తిని పోతావు, గమనించలేదా?"

గమనించలేదు.

తలొంచుకుని హాల్లోకి వచ్చాను. బావగారు నవ్వుతూ భుజం తట్టి, "క్యాబినెట్ గురించేగా చెప్తున్నావు? నేనన్నానా, బాగుంటుందని" అన్నారు.