పొగక్క వంటగది

మా రోడ్డు పని గుంపుకి వండిపెట్టేది పొగక్క. అసలు పేరు ఆవిడకైనా గుర్తుందో లేదో. మేస్త్రీకి సొంత అక్క, మిగతా అందరికీ వరస కలుపుకున్న అక్క. రోడ్డు ముందుకెళ్లేకొద్దీ మా టెంట్లు కదిలేవి, వాటితో పాటే ఆవిడ మూడు పొయ్యిరాళ్లూ కదిలేవి. వాటిని నేను నడిపే రోలర్ వెనక గోనెసంచిలో కట్టించేది. కంకర పరిచేవాళ్లకి రాళ్లకి కరువా అని నేను వెక్కిరిస్తే, "కనపడ్డ రాయల్లా పొయ్యికి పనికిరాదు నాయనా, కొన్ని వేడికి పేలి పప్పులో పడతాయి" అనేది.

పొయ్యి పెట్టే ముందు గుప్పెడు బూడిద గాల్లోకి విసిరేది. బూడిద ఎటు పోతే పొగా అటే. అది టెంట్ల వైపు రాకుండా చోటు చూసి రాళ్లు పెట్టేది. మధ్యలో గాలి తిరిగి తన మొహానికి కొడితే మాత్రం లేచేది కాదు. "అన్నం సగం ఉడికాక పొయ్యి కదపకూడదు" అని కొంగుతో కళ్లు తుడుచుకునేది. వాన పడితే గొడుగు పొయ్యికి పట్టి తను తడిసేది. అన్నం, పప్పు, నిప్పుల్లో కాల్చిన బంగాళాదుంపలు. మా భోజనమంతా అంతే. తారు వాసన పట్టిన చేతులతో తిన్నా అమృతంలా ఉండేది.

తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని ఈ గుంపులో చేరిందట. పొయ్యి పక్కనే వాణ్ణి పడుకోబెట్టి, ఒక చేత్తో ఊదుగొట్టం, ఒక చేత్తో విసనకర్ర. వాడు పెరిగాడు, కంకర మోశాడు, మనుషుల్ని అదిలించడం నేర్చుకున్నాడు, మేస్త్రీ అయ్యాడు. ఆవిడ పెళ్లి మాట ఎవరైనా ఎత్తితే "ముందు వాణ్ణి ఒక ఇంటివాణ్ణి కానీ" అనేది. వాడు అయ్యాడు. పెళ్లాం, పిల్లలు, కింద పనిచేసే మనుషులు, అన్నీ అమరాయి. ఈవిడ పొయ్యి దగ్గరే మిగిలింది.

ఆవిడకున్న కోరిక ఒక్కటే. పైన కప్పున్న గదిలో, గట్టు మీద స్టవ్ పెట్టుకుని, నిలబడి వండాలి. "నడుం వంచకుండా వండిన అన్నం ఎలా ఉంటుందో ఒక్కసారి తిని చావాలి" అనేది. నవ్వుతూనే అనేది, కానీ గొంతుక్కూర్చున్న చోటు నుంచి లేవడానికి అప్పటికే నేల మీద చెయ్యి ఆనించాల్సి వచ్చేది.

మేస్త్రీ ఇల్లు మొదలుపెట్టినప్పుడు ఆవిణ్ణి వెంటబెట్టుకెళ్లాడు. సిమెంటు కూడా పూయని గోడ పక్కన నిలబెట్టి, ఆవిడ మోచేతి కిందగా బొగ్గుతో గీత గీశాడు. "గట్టు ఇంత ఎత్తు. నీకోసమేనక్కా" అన్నాడు. పొట్టి మనిషి కదా, గీత బాగా కిందికే వచ్చింది. ఆ రోజు నుంచి ఆవిడ కాలు నేల మీద నిలవలేదు. నా రోలర్ పక్కన నిలబడి, లేని స్టవ్ మీద లేని గరిటె తిప్పి చూపించేది. నేనూ నమ్మాను. ఇప్పటికీ నా కడుపుమంట అదే.

కొత్తింట్లో చేరే రోజు మా గుంపంతటినీ భోజనానికి పిలిచాడు. పొగక్క పొద్దున్నే ఉతికిన చీర కట్టుకుని, గరిటెలు తోముకుని వచ్చింది. రాళ్ల సంచి ఇంటి ముందు ఆపిన నా రోలర్ మీద నుంచి దింపి, "ఇవి ఇక నీకే, గుర్తుగా ఉంచుకో" అంది. నేరుగా వంటగదిలోకి నడిచింది. వెనకాలే నేను భుజాన బియ్యం బస్తా, చేతిలో ఆ రాళ్ల సంచితో వెళ్లాను.

గట్టు ఆవిడ గుండెల దాకా ఉంది. బొగ్గు గీత ఎత్తులో కట్టింది పగలగొట్టి మళ్లీ కట్టించారు.

"అంత కిందికుంటే వంగి వంగి నా నడుం పట్టేస్తుంది వదినా" అంది మరదలు. నడుం మాట ఎవరితో అంటోందో ఆ మహాతల్లికి తట్టనే లేదు.

"పోనీలేమ్మా, పీటేసుకుని నిలబడతాను" అంది పొగక్క.

మేస్త్రీ గుమ్మంలోంచే, "అది కాదక్కా, ఇంజనీర్లు వస్తున్నారు. కొత్త గోడలకి మసి పడుతుంది. పెరట్లో పెట్టెయ్యి, నీకు అలవాటేగా" అన్నాడు. గ్యాస్ స్టవ్‌కి మసేమిటో వాడికే తెలియాలి.

"ఇవాళ్టికేనా?" అని అడిగింది.

"రోజూ అక్కడే కానీలే. పైన రేకు వేయిస్తాను. నీ వంట కట్టెల మీదైతేనే రుచి."

పొమ్మనలేక పొగబెడతారంటారు. వీడు పొగలోకే పొమ్మన్నాడు. ఏరు దాటాక తెప్ప తగలేసినవాళ్లని చూశాను గానీ, ఆ మంట మీదే రోజూ అన్నం వండించుకోవాలనుకున్నవాణ్ణి అదే చూడటం. నాకు ఒళ్లు మండింది. ఆవిడ మాత్రం నా చేతిలో రాళ్ల సంచి తీసుకుని పెరట్లోకి నడిచింది.

పెరట్లో ఎవరో కసువు తగలేసిన బూడిద ఉంది. గుప్పెడు తీసి విసిరింది. అది తిన్నగా వంటగది కిటికీ వైపు పోయింది. అవతలి మూలకి వెళ్తుందనుకున్నాను. అక్కడే కూర్చుని, కిటికీ ముందే మూడు రాళ్లూ పెట్టింది. ఎప్పుడూ ఏరి పక్కన పడేసే పచ్చి పుల్లల్ని ముందు లోపలికి తోసింది.

ఇంజనీర్లు వచ్చి కూర్చునేసరికి లోపల దగ్గులు మొదలయ్యాయి. పిల్లలు ఏడుస్తున్నారు. మీగడ రంగు గోడల మీద పొగ పాకుతోంది. మేస్త్రీ కళ్లు నులుముకుంటూ పరిగెత్తుకొచ్చాడు.

"ఏంటక్కా ఇది! ఇల్లంతా పొగ! గాలి చూసుకోలేదా?"

"చూసుకునే పెట్టాను" అంది పొగక్క గిన్నె మీద మూత సర్దుతూ. "ఇప్పుడేం చెయ్యలేంరా. అన్నం సగం ఉడికింది. పొయ్యి కదపకూడదు."